ఊపిరి లేని పాట

మా ఎడిటర్ గారికి ఊపిరి చప్పుడంటే పడేది కాదు. టేపుల కాలంలో రేడియోలో ఆయన ఉద్యోగం టేపు కోయడం, అతకడం. పాట రికార్డు చేసి ఆయన చేతికిస్తే, పాడినవాళ్ళు లైన్ల మధ్య గాలి పీల్చుకున్న చప్పుడు ఎక్కడెక్కడ పడిందో చెవితో వెతికి పట్టుకునేవారు. ఆ ముక్కను బ్లేడుతో కోసేసి, తంబురా శ్రుతి ఒక్కటే ఉన్న, సరిగ్గా అంతే పొడుగు టేపు ముక్కను అక్కడ అతికించేవారు. ఊపిరి పోయేది, తాళం మాత్రం చెక్కుచెదిరేది కాదు. ఆయన కుర్చీ కింద గోధుమరంగు టేపు తుంపులు ఎప్పుడూ రాలి ఉండేవి. "ఇవన్నీ మీ ఊపిర్లేనండి, కావాలంటే మూటగట్టుకుని ఇంటికి పట్టుకెళ్ళండి" అని ఆటపట్టించేవారు. అతుకు ఎక్కడుందో చెప్పమని పందెం కాసేవారు. మాలో ఎవరూ ఏనాడూ గెలవలేదు.

ఇప్పుడు రేడియోల్లో చేరుతున్న పిల్లలు ఇది చదివి నవ్వుకుంటారని తెలుసు. మీకు అదంతా ఒక్క మీట నొక్కితే అయిపోయే పని. అయినా ఈ ఊపిరి గొడవ మీకు చెప్పి తీరాలి. రిటైరయ్యాక నేను పడ్డ అతి పెద్ద కంగారు దీనివల్లే వచ్చింది. కంగారులో నాకు అనుభవం తక్కువేమీ లేదు. స్టూడియోలో ఎర్రలైటు వెలిగితే చాలు, అరచేతులు తడిసిపోయేవి. ఆదివారం పొద్దున వచ్చే లలితగీతాల పాఠం కొన్నేళ్ళపాటు నేనే చెప్పాను గానీ, ఒక్క పాఠం కూడా రేడియోలో వినలేదు. ఆ వేళకు పెరట్లోకి పోయి, కుళాయి తిప్పుకుని గిన్నెలు తోముకునేదాన్ని. నా గొంతు నేను వింటే అందులో తప్పులే వినపడతాయని భయం. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ముందు ముందు అవసరం పడుతుంది.

రెండేళ్ళ కిందట తెనాలిలో మా ఇంటికి రేడియో స్టేషన్ నుంచి ఫోన్ వచ్చింది. కొత్త గొంతుల కోసం దేశమంతటికీ కలిపి రేడియోలో లలితగీతాల పోటీ పెట్టారట. తెలుగులో వచ్చిన పాటలను మొదటి వడపోత చెయ్యడానికి ముగ్గురు పాతకాపులు కావాలట. ఒకరు నేను. రెండోవారు రేపల్లెలో స్థిరపడిన మా ఎడిటర్ గారు. మూడోవారు బాపట్లలో ఉంటున్న వయొలిన్ మాస్టారు. ఉద్యోగంలో మా ఇద్దరికీ పెద్ద. ఆయనను ఏది అడిగినా "మీ ఇష్టమండి" అంటారు. టీ తాగుతారా అన్నా అదే, ఫలానా రాగం వాయిస్తారా అన్నా అదే. ఆయన ఇష్టమేమిటో ఆయన భార్యకు కూడా తెలియదని మేమనుకునేవాళ్ళం.

పాటలు ఫోన్‌కే వచ్చేవి. ఫైలు ఎలా తెరవాలో మా అమ్మాయి నేర్పింది. పేరు, ఊరు, వయసు ఏమీ ఉండవు, నంబరు ఒక్కటే. పక్కవాద్యాలు ఉండకూడదు, శ్రుతి తప్ప. అన్నిటికన్నా గట్టి నిబంధన ఇంకొకటి ఉంది. గొంతును కంప్యూటర్‌తో సరిదిద్దినా, మెషీన్ చేత పాడించినా ఆ అభ్యర్థిని పోటీలోంచి తీసేస్తారు. అంతటితో వదలరు, ఇక ఎప్పటికీ రేడియో ఆడిషన్‌కు కూడా రానివ్వరు. మార్కుల కింద దానికోసం ఒక గడి ఉండేది. అందులో టిక్కు పెట్టే అధికారం మా ముగ్గురిది. ఆ గడి కనపడినప్పుడల్లా ఫోన్ బల్ల మీద బోర్లించేసేదాన్ని.

నలభై ఒకటో నంబరు దగ్గరికి వచ్చేదాకా దాని అవసరం పడలేదు.

ఆ పాట మొదలవగానే ఉలిక్కిపడ్డాను. "ఒడ్డున దీపం వెలిగింది, ఒంటరి పడవా రావేమే." అది మా పాట. మా స్టేషన్లో పనిచేసిన ఒకాయన రాస్తే, నేను వరస కట్టి ఆదివారం పాఠంలో చెప్పింది. అప్పుడు నాకు ఏడో నెల. ఇప్పుడు ఫైళ్ళు తెరవడం నేర్పిన ఈ అమ్మాయే అప్పుడు కడుపులో ఉండి, ఎర్రలైటు వెలిగినప్పుడల్లా తన్నేది. ఆ పాట ఇంకా ఎవరికైనా గుర్తుందంటే నమ్మలేకపోయాను.

పాడింది ఎవరో అమ్మాయి. ఉప్పుగాలి తగిలిన గొంతు, పైకి పోయినప్పుడు కొంచెం గరుకు. బాగా పాడింది. ఎంత బాగా పాడిందంటే, సంతోషపడాల్సింది పోయి నాకు భయమేసింది. మళ్ళీ విన్నాను. అప్పుడు తెలిసింది భయం ఎందుకో. పాట మొత్తంలో ఎక్కడా ఊపిరి లేదు. మొదటి లైను నుంచి ఆఖరి లైను దాకా ఆ పిల్ల ఒక్కసారి కూడా గాలి పీల్చుకున్న చప్పుడు లేదు.

ఇంకొకటి. రెండో చరణంలో "అలపై అలపై అడుగేసి, ఆగి చూడవే ఒకసారి" అని ఉంటుంది. అడుగేసి తర్వాత ఒక దెబ్బ ఆగాలి. నేను తొడ మీద తాళం వేసుకుంటూ వింటున్నాను. పైకి లేచిన నా చెయ్యి ఇంకా గాల్లో ఉండగానే పాట ముందుకు దూకేసింది. ఒక దెబ్బ మింగేసింది. మిగతా పాటంతా గీత గీసినట్టు తాళంలో ఉంది.

నేను ఆలోచించేలోపే రేపల్లె నుంచి ఫోన్.

"మేడమ్, నలభై ఒకటి విన్నారా?"

"విన్నానండి. అది మన పాఠం కదా?"

"మన పాఠమే. మన పాత టేపు ఎవడో సంపాదించాడు. దాన్ని మెషీన్లో పోసి పైన కొత్త గొంతు తొడిగాడు. మన టేపుల్లో ఊపిరి ఉండదు, నేనే తీసేసేవాణ్ణి కాబట్టి. దీంట్లోనూ లేదు. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?"

"మరి రెండో చరణంలో ఆ దూకుడేంటండి?"

"దొంగ దొరికింది అక్కడేగా! మెషీనుకి అతకడం చేతకాలేదు. నా చేతిలో అలాంటి అతుకు ఎప్పుడైనా పడిందా, మీరే చెప్పండి."

"లేదండి" అన్నాను. నిజంగా నమ్మే అన్నాను.

వయొలిన్ మాస్టారికి ఫోన్ చేస్తే "మీ ఇష్టమండి" అన్నారు. ఫోన్ పెట్టెయ్యబోతూ, "పాట మాత్రం ప్రాణమున్నదండి" అన్నారు. ఆయన లెక్కలో అది పెద్ద ఉపన్యాసం. గడిలో టిక్కు పెట్టడానికి ఇద్దరు చాలు. ఎడిటర్ గారు పెట్టేశారు. మాస్టారు పెట్టలేదు. ఇక తేల్చాల్సింది నేను.

ఆ రాత్రి నిద్ర లేదు, పగలు వంట మీద ధ్యాస లేదు. పాట మెషీన్‌దైతే, ఏళ్ళ తరబడి సాధన చేసినవాళ్ళ చోటు దానికిచ్చినట్టు. మనిషిదైతే, ఒక పిల్ల పాటను నా చేత్తో నేనే పూడ్చిపెట్టినట్టు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మా వారు పేపరు మడిచి, "కందకు లేని దురద కత్తిపీటకెందుకే? వాళ్ళిచ్చిన పాట, వాళ్ళిచ్చిన గడి. పెడితే పెట్టు, లేకపోతే మానెయ్" అన్నారు. ఆయనకేం, ఆయన బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. అక్కడ తప్పయితే సాయంత్రానికి తేలిపోతుంది.

చివరికి స్టేషన్‌కు ఫోన్ చేసి, ఆ అభ్యర్థిని ఎదురుగా పాడించి వినొచ్చా అని అడిగాను.

"వినొచ్చు మేడమ్" అంది అక్కడి అమ్మాయి. "అనుమానమొస్తే అలా చెయ్యొచ్చని రూల్లోనే ఉంది. ఆ రికార్డింగే పాత ఫైలు బదులు పంపించొచ్చు కూడా. కానీ ఎల్లుండి సాయంత్రానికి అన్నీ పైకి వెళ్ళిపోవాలండి. ఇంకో సంగతి, తనకి ఈ ఏడాదితో వయసు దాటిపోతుంది. మళ్ళీ పంపించడానికి లేదు."

ఆ ఆఖరి మాట నాకు చెప్పకపోయినా బాగుండేది.

ఆ పిల్లది చీరాల అవతల రామాపురం దగ్గర సముద్రపు ఒడ్డని స్టేషన్ అమ్మాయే చెప్పింది. అందుకని గడువు రోజునే బాపట్లలో మాస్టారి ఇంట్లో విందామనుకున్నాం. ఎడిటర్ గారు రేపల్లె పాసింజర్లో తెనాలి వచ్చారు. అక్కడి నుంచి ఇద్దరం కలిసి బాపట్ల రైలెక్కాం. బయట వాన. నేను తెచ్చిన ఇడ్లీ పొట్లం ఒళ్ళో పెట్టుకుని విప్పకుండానే కూర్చున్నాను.

"నిజంగా పాడిందేమోనండి" అన్నాను ఉండబట్టలేక.

"అయితే నాకూ సంతోషమే మేడమ్. నేనేమన్నా పగవాణ్ణా? కానీ ఒక్కటి చెప్పండి. ముప్పై ఏళ్ళు నేను ఊపిర్లు తీశాను. తీసినా ఆ పాట పాడింది మనిషే. ఇప్పుడు మనిషే లేకుండా పాట చేసేస్తుంటే, మనమూ ఊరుకుంటే ఎలాగ?"

ఆయన గొంతులో కోపం లేదు, భయముంది. నాకంటే ఎక్కువ భయమున్న మనిషిని ఆ రోజే చూశాను. ఇడ్లీలు ఆయనకిచ్చేశాను.

మాస్టారి ముందుగదిలో తాడు కట్టి పూల దుప్పటి వేలాడదీశారు. మీ తరానికి తెలియదేమో గానీ, రేడియోలో ఆడిషన్ ఎప్పుడూ తెర చాటునే. పాడేవాళ్ళ ముఖం, బట్టలు, కులం వినేవాళ్ళకు తెలియకూడదు. వినేవాళ్ళు ఆహా అనకూడదు, ఉహూ అనకూడదు, దగ్గొస్తే కండువా అడ్డం పెట్టుకోవాలి. మాస్టారి భార్య అభ్యర్థిని పక్కగుమ్మంలోంచి దుప్పటి వెనక్కి తీసుకొచ్చి కూర్చోబెట్టాలని అనుకున్నాం.

కానీ రావాల్సిన వేళకు ఆ పిల్ల రాలేదు. ఫోన్ చేస్తే అందడం లేదు. వాన పెద్దదైంది. మాస్టారు వయొలిన్ తీసి శ్రుతి చేసి మళ్ళీ పెట్టేశారు. నేను కిటికీకీ కుర్చీకీ మధ్య తిరుగుతున్నాను.

"రారండి" అన్నారు ఎడిటర్ గారు. "దొంగతనం చేసినవాడు పోలీస్ స్టేషన్‌కి నడిచొస్తాడా?"

"కాస్త చూద్దామండి."

"చూద్దాం. సాయంత్రానికి ఫైలు పోవాలి, అది గుర్తుంచుకోండి."

నేను ఆశ వదిలేసుకున్నాక గేటు చప్పుడైంది. పక్కగుమ్మం వైపు తడి చెప్పులు విడిచిన శబ్దం. ఇద్దరు. ఒకరు దుప్పటి వెనక్కి వచ్చి కూర్చున్నారు, ఇంకొకరు బయట వసారాలో ఆగిపోయారు. "ఆటో దిగబడిపోయిందండీ, నడుచుకుంటూ వచ్చాం" అని వసారాలోంచి ఒక ఆడగొంతు చెప్పింది. అభ్యర్థి వైపువాళ్ళు మాట్లాడకూడదని మాస్టారి భార్య గుసగుసగా హెచ్చరించింది.

శ్రుతి పెట్టారు. ఎంతసేపటికీ గొంతు లేవదు. తర్వాత లేచింది, వణుకుతూ. "ఒడ్డున దీపం" అనేసరికే ఊపిరి చాలలేదు. హా అని పీల్చుకుంది. "ఒంటరి పడవా" దగ్గర మళ్ళీ హా. ఎడిటర్ గారు కాగితం మీద పెద్ద అక్షరాలతో 'ఊపిరి' అని రాసి, నా వైపు తిప్పి చూపించారు. ఫైల్లో ఒక్కటి లేదు, ఇక్కడ లైనుకొకటి. మెషీనే అన్నమాట. నమ్మినందుకు నాకు నా మీదే కోపమొచ్చింది.

అంతలో వసారాలోంచి ఆ గొంతు గట్టిగా అరిచింది. "ఏంటే ఆ రొప్పు! నలుగురి ముందు పాడుతున్నట్టు పాడకు. మన పొయ్యి దగ్గర పాడినట్టు పాడు!"

ఎడిటర్ గారు లేవబోయారు. మాస్టారు ఆయన చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు. దుప్పటి వెనక ముక్కు ఎగబీల్చిన చప్పుడు. తర్వాత పాట మళ్ళీ మొదటినుంచి.

ఈసారి ఊపిరి వినపడలేదు. పల్లవి, అనుపల్లవి, మొదటి చరణం అయిపోయాయి. చెవులు రిక్కించి ఎంత వెతికినా ఆ పిల్ల గాలి ఎక్కడ తీసుకుంటోందో నాకు దొరకలేదు. రెండో చరణం వచ్చింది. నా చెయ్యి తొడ మీది నుంచి లేచింది. "అలపై అలపై అడుగేసి." చెయ్యి గాల్లోనే ఉంది. పాట దూకేసింది.

మెషీన్ లేదు, టేపు లేదు, ఫోన్ లేదు. దుప్పటి వెనక తడిసి వచ్చిన ఒక మనిషి కూర్చుని, ఫైల్లో ఉన్న అతుకును అచ్చంగా అలాగే పాడింది.

"మళ్ళీ" అన్నారు ఎడిటర్ గారు. ఆ ఒక్క లైనూ పాడించారు. దూకింది. మళ్ళీ పాడించారు. మళ్ళీ దూకింది. అభ్యర్థితో మాట్లాడకూడదన్న రూలు మర్చిపోయి, "అమ్మా, అక్కడ ఎందుకు దూకుతున్నావు?" అని అడిగారు.

పిల్ల పలకలేదు. వసారా పలికింది. "పాట అంతేనండి బాబాయిగారూ. రేడియోలో ఆవిడ అలాగే దూకేది."

నేను లేచి దుప్పటి పక్కకు తీసేశాను. ఇక తెరకు అర్థం లేదు. పాతికేళ్ళు దాటిన పిల్ల, చున్నీ పిండుకుని భుజాన వేసుకుంది. రొయ్యల కంపెనీలో పని కాబోలు, ఐసు తగిలి వేళ్ళ కొసలు తెల్లగా ముడుచుకుపోయి ఉన్నాయి. గుమ్మంలో నిలబడినావిడ వాళ్ళ పిన్ని. ఎండుచేపల వ్యాపారమట.

"రేడియోలోనే నేర్చుకున్నారా అమ్మా?" అని పిన్నిని అడిగాను.

"అవునండి. మా నాన్న తుఫాను కబురు వినడానికి రేడియో కొన్నాడు. నేను ఆదివారం వల బాగుచేసుకుంటా పాఠం వినేదాన్ని. ఆవిడ ఊపిరి తీసేదే కాదండి! నేనేమో నాలుగు మాటలకే రొప్పేదాన్ని. అంత గొప్పావిడ ఊపిరి లేకుండా పాడుతుంటే మనం తీసుకోవడం తప్పు కదా. అందుకని నీళ్ళలో మునిగి మునిగి బిగబట్టడం అలవాటు చేసుకున్నా. తీసుకున్నా మాట చాటున చప్పుడు కాకుండా తీసుకుంటాం. దీనికీ అలాగే నేర్పించా. ఆ దూకుడు ఉంది చూడండి, అది పట్టుకోడానికి మాత్రం నా తాతలు దిగొచ్చారు."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "ఆవిడ నేనేనమ్మా" అన్నాను. "నేనక్కడ దూకలేదు. నాకప్పుడు ఏడో నెల. ఆ లైను పూర్తిగా లాగలేక, అడుగేసి దగ్గర ఆగి, చేతకాక పెద్దగా గాలి పీల్చుకున్నాను. అది రేడియోలో ఎలా వచ్చిందో నాకు తెలియదు. నేను వినలేదు."

మేమందరం ఎడిటర్ గారి వైపు చూస్తున్నాం. ఆయన కుర్చీ కిందికి చూసుకుంటున్నారు, అక్కడ ఇంకా టేపు తుంపులు పడి ఉన్నట్టు.

"ముక్క పెట్టలేదు" అన్నారు. "ఊపిరి కోశాను. తంబురా ముక్క అతికించడం మర్చిపోయాను. అలాగే అతికేశాను."

"ఆగి చూడవే అంటూ ఆగకుండా పంపించేశారన్నమాట" అన్నారు మాస్టారు మెల్లగా. ఆయన నోటినుంచి వెటకారం నేను అదే మొదటిసారి విన్నాను.

టిక్కు సంగతి అక్కడితో పోయింది. కానీ నా కంగారు పోలేదు. పై స్థాయిలో వినేవాళ్ళకు ఈ కథంతా తెలియదు. వాళ్ళకు వినపడేది తాళం తప్పిన పాట. ఆ ఒక్క దెబ్బకు పిల్ల కొట్టుకుపోతుంది. సరిచేసి మళ్ళీ పాడించాలంటే, అభ్యర్థికి పాఠం చెప్పినట్టవుతుంది. అది మా పని కాదు, తప్పు కూడా. నేను అదే అన్నాను. అప్పుడు మాస్టారు, జీవితమంతా మీ ఇష్టమండి అన్న మనిషి, "నాకిష్టం లేదండి" అన్నారు. "పాఠం మనం తప్పు చెప్పి, మార్కులు పిల్లకి తగ్గించడం నాకిష్టం లేదు. సరిచేయించండి. చేసినట్టు రాసి పంపుదాం. కాదంటే కాదంటారు."

పిన్ని ఒప్పుకోలేదు. "రేడియోలో ఉన్నది తప్పెలా అవుతుందండి?" అంది.

ఎడిటర్ గారు లేచి ఆవిడ ఎదురుగా వెళ్ళి నిలబడ్డారు. "తప్పు రేడియోది కాదమ్మా, నాది. అక్కడ ఊపిరి ఉండేది. నేను తీసేశాను. మీరు అంత కష్టపడి నేర్చుకుంది నా మతిమరుపు."

ఆవిడ కొంగు నడుముకు బిగించింది. కోప్పడుతుందనుకున్నాను. "ఆ దూకుడంటే నాకెంత ఇష్టమోనండి" అంది చివరికి, చిన్నబోయి. తర్వాత పిల్ల వైపు తిరిగి, "ఆయన చెప్పినట్టు పాడు" అంది.

పాడటం ఎక్కడ వస్తుంది? పుట్టినప్పటినుంచి దూకిన గొంతు ఆగమంటే ఆగుతుందా? ఒకసారి ఆగింది గానీ మరీ ఎక్కువ ఆగింది. ఇంకోసారి ఆగకుండానే పోయింది. మాస్టారు వయొలిన్ కమానుతో బల్ల మీద దెబ్బలు వేశారు. పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. బయట వెలుగు తగ్గుతోంది. స్టేషన్ నుంచి ఫైలు ఏమైందని ఫోన్ వచ్చింది. "పంపుతున్నామమ్మా" అని అబద్ధమాడాను.

ఇక నాకు ఏమీ తోచక, పిల్ల ఎదురుగా నేల మీద కూర్చున్నాను. "నువ్వు తాళం చూడకు. నన్ను చూడు. నేను ఊపిరి తీసుకున్నప్పుడు నువ్వూ తీసుకో. దాచకు. చప్పుడైతే కానీ" అన్నాను. ఎడిటర్ గారు ఫోన్ పట్టుకుని రికార్డు నొక్కారు.

పల్లవి, చరణం, రెండో చరణం. "అలపై అలపై అడుగేసి." నేను నోరు తెరిచి, ఏడో నెల మోస్తున్నంత ఆయాసంగా, చప్పుడు లేకుండా ఛాతీ నిండా గాలి నింపుకున్నాను. పిల్ల నా ఛాతీ చూస్తోంది. తనూ పీల్చుకుంది. హా అని, గదంతా వినపడేలా. మాస్టారి దెబ్బ సరిగ్గా అక్కడే పడింది. "ఆగి చూడవే ఒకసారి." వసారాలో పిన్ని ముక్కు చీదుకున్న చప్పుడు కూడా రికార్డయిందేమోనని నాకు ఇప్పటికీ అనుమానమే.

ఆ ఫైలుతో పాటు జరిగింది జరిగినట్టు రాసి పంపాం. తప్పు తనదేనని ఎడిటర్ గారు విడిగా సంతకం పెట్టారు. తర్వాత ఎన్నో వారాలు జవాబు లేదు. ఫోన్ మోగితే చాలు, మమ్మల్ని ముగ్గురినీ పాటలు వినేవాళ్ళ జాబితాలోంచి తీసేశారన్న కబురే అనుకునేదాన్ని. అదేమీ కాలేదు. మా సంజాయిషీ ఒప్పుకున్నామని, ఎంపికైన పాటల్లో నలభై ఒకటి ఉందని రెండు లైన్లు వచ్చాయి. ఆ పిల్లకు పోటీలో బహుమతి రాలేదు. కానీ ఆడిషన్‌కు పిలుపొచ్చింది, ఎంపికైన పాటలన్నిటితో పాటు తన పాటా దేశమంతా ప్రసారం చేస్తామన్నారు.

దాంతో ఎడిటర్ గారికి కొత్త దిగులు పట్టుకుంది. ఇప్పుడు స్టేషన్లో ఊపిరి చప్పుళ్ళను కంప్యూటరే దానంతట అది తుడిచేస్తుందట. ఆయన రేపల్లె నుంచి రోజూ ఫోన్లు. తర్వాత ఉండబట్టలేక రైలెక్కి స్టేషన్‌కే వెళ్ళారు. తన మనవడి వయసున్న కుర్రాడి పక్కన నిలబడి, "బాబూ, అన్నీ తీసేసుకో. రెండో చరణంలో ఆ ఒక్క ఊపిరి మాత్రం ఉంచు నాయనా" అని బతిమాలారని తర్వాత తెలిసింది. ఆ కుర్రాడు సరే అన్నాడో, ముసలాయన చాదస్తం అనుకున్నాడో మాకు తెలియదు.

ప్రసారం రోజు నేను పెరట్లోకి పోలేదు. కుళాయి కట్టేసి రేడియో ముందు కూర్చున్నాను. అరచేతులు తడిసిపోయాయి. ఆ గరుకు గొంతు లేచింది. పల్లవిలో ఊపిరి లేదు. మొదటి చరణంలోనూ లేదు. అంతా తుడిచేశారనే అనుకున్నాను. రెండో చరణం వచ్చింది. చెయ్యి తొడ మీది నుంచి లేచి గాల్లో ఆగింది. "అలపై అలపై అడుగేసి."

హా అని, దేశమంతా వినపడేలా ఆ పిల్ల గాలి పీల్చుకుంది. నా చెయ్యి తొడ మీద పడింది.

పాట అవకుండానే ఫోన్ మోగింది. ఎడిటర్ గారు. హలో కూడా అనలేదు.

"ఉంచారండి" అన్నారు.